ముఖంలో కరెంటు షాకు లాంటి నొప్పి, నరాన్ని నొక్కే రక్తనాళం: ఆపరేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ముఖంలో వచ్చే ఈ షాకు నొప్పికి ట్రైజెమినల్ న్యూరాల్జియా అని డాక్టరు చీటీ మీద రాసిచ్చాక, ఆ తర్వాత ఎప్పుడో ఆపరేషన్ అన్న మాట చెవిన పడ్డాక, రోగికీ ఇంట్లోవాళ్ళకీ వచ్చే ప్రశ్నలివి. నరాన్ని నొక్కే రక్తనాళాన్ని పక్కకు జరిపే ఆ ఆపరేషన్ పేరు మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్. పేరు పొడుగు కాబట్టి ఇక్కడ ఎంవీడీ అని రాస్తున్నాను. దీన్ని చూసి అనవసరంగా భయపడి ఏళ్ళ తరబడి వాయిదా వేసేవాళ్ళూ ఉన్నారు, స్కానింగ్ కాగితం పట్టుకుని తొందరపడేవాళ్ళూ ఉన్నారు. ఈ జవాబులు ఇద్దరి కోసమూ.

ఇది పంటినొప్పి కాదని ఎలా తెలుస్తుంది?

నొప్పి వచ్చే తీరును బట్టి. ముఖంలో ఒక పక్కనే వస్తుంది. చెంప, పైదవడ, కింది దవడ ప్రాంతాల్లో ఎక్కువ, నుదురూ కన్నూ వైపు తక్కువ. కరెంటు షాకు కొట్టినట్టు వచ్చి, క్షణాల్లోనో, మహా అయితే రెండు నిమిషాల్లోనో ఆగిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ కొడుతుంది. మధ్యలో మాత్రం ఏమీ లేనట్టే ఉంటుంది. మామూలుగా ఎవరికీ నొప్పి పుట్టించని పనులే దీన్ని రేపుతాయి: మొహం కడుక్కోవడం, పళ్ళు తోముకోవడం, నమలడం, మాట్లాడడం, ఒక్కోసారి చెంపకు గాలి తగలడం. నిద్రలో లేపడం అరుదు.

ఎదురుగా కూర్చుని చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. మాట మధ్యలో ఠక్కున ఆగిపోతారు. కన్ను గట్టిగా మూసుకుపోతుంది. చెయ్యి చెంప దాకా వెళ్ళి, తాకకుండా అంగుళం దూరంలో నిలిచిపోతుంది. పన్ను నొప్పి ఉన్న మనిషి దవడను అరచేత్తో అదిమి పట్టుకుంటాడు, వీళ్ళు పొరపాటున కూడా ముట్టుకోరు. కొందరు మగవాళ్ళకి ఒక పక్క గడ్డం నున్నగా గీసి ఉంటుంది, రెండో పక్క వారాల గడ్డం ఉంటుంది.

అయినా నొప్పి దవడలోనే తెలుస్తుంది కాబట్టి మొదట వెళ్ళేది పళ్ళ డాక్టరు దగ్గరికే. అది తప్పేమీ కాదు, పన్ను, చిగురు బాగున్నాయని తేల్చుకోవాల్సిందే. కానీ ఎక్స్‌రేలో ఏ లోపమూ కనబడనప్పుడు కూడా రూట్ కెనాల్ చేయించుకుని, తగ్గక పన్ను పీకించుకుని, ఆ తర్వాత పక్క పన్ను కూడా పీకించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. పన్ను బాగుండి, నొప్పి పైన చెప్పిన తీరులో ఉంటే, పీకించుకునే ముందు ఒక్కసారి న్యూరాలజిస్టుకు చూపించండి.

రక్తనాళం తగిలితే నరానికి అంత నొప్పి ఎందుకు?

ముఖం మీది స్పర్శనంతా మెదడుకు చేరవేసేది ఐదో కపాల నరం, అదే ట్రైజెమినల్ నరం. కంటికి, పైదవడకు, కింది దవడకు ఒక్కోటి చొప్పున మూడు కొమ్మలుంటాయి. మూడూ కలిసి ఒక్క వేరుగా మెదడు కాండంలోకి ప్రవేశిస్తాయి. గొడవంతా ఆ ప్రవేశించే చోట, కొద్ది మిల్లీమీటర్ల మేర.

నరంలోని పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిదది. మెదడుకు దగ్గరి భాగంలో ఈ పొరను ఒక రకం కణాలు తయారుచేస్తాయి, దూరపు భాగంలో ఇంకో రకం కణాలు. రెండూ కలిసే చోటా, దానికి మెదడు వైపున్న భాగంలోనూ నరం సున్నితంగా ఉంటుంది. సరిగ్గా అక్కడ ఒక ధమని ఆనుకుని, గుండె కొట్టుకున్న ప్రతిసారీ తడుతూ ఉంటే, ఏళ్ళ మీద ఆ పొర అరిగిపోతుంది. పొర పోయిన పోగులు వాటంతటవే సంకేతాలు పుట్టిస్తాయి, పక్క పోగులకు అంటిస్తాయి. చెంపను తాకిన స్పర్శ నొప్పి పోగుల్లోకి దూకుతుంది. గాలి సోకితే షాకు కొట్టడానికి కారణం అదే.

నొక్కేది ఎక్కువమందిలో సుపీరియర్ సెరిబెల్లార్ ఆర్టరీ. చిన్న మెదడు పైభాగానికి రక్తం తీసుకెళ్ళే ధమని అది. వయసుతో ధమనులు సాగి, వంకర తిరిగి, ఒంపు కిందికి జారి నరం మీద వాలతాయి. ఈ జబ్బు యాభై దాటినవాళ్ళలో ఎక్కువగా కనబడడానికి ఇదొక కారణం. కొందరిలో వేరే ధమని, కొందరిలో సిర, కొందరిలో రెండూ కలిసి నొక్కుతాయి.

ఈ సంగతి ఎవరు కనిపెట్టారు?

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ సర్జన్ వాల్టర్ డాండీ, నొప్పి కోసం ఈ నరాన్ని కోసే ఆపరేషన్లు చేస్తూ, నరాన్ని రక్తనాళం నొక్కుతుండడం పదే పదే చూశాడు. నొప్పికి కారణం అదే కావచ్చని 1934లో రాశాడు. 1959లో గార్డ్‌నర్ అనే సర్జన్, నరాన్ని కోయకుండా రక్తనాళాన్ని వేరు చేసి చూశాడు. ఆపరేషన్ గదిలోకి మైక్రోస్కోపు వచ్చాక, 1960ల చివర్లో సర్జన్ పీటర్ జన్నెట్టా దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టి, తర్వాత పిట్స్‌బర్గ్‌లో వేలమందికి చేశాడు. మొదట్లో తోటి సర్జన్లే చాలామంది నమ్మలేదు. ఫలితాలు ఏళ్ళ తరబడి నిలిచాక నమ్మక తప్పలేదు.

ఎంఆర్ఐలో రక్తనాళం నరానికి తగులుతోందని వచ్చింది. ఇక ఆపరేషన్ తప్పదా?

ఈ ప్రశ్న దగ్గర కాస్త నిలబడాలి. అసలు నిర్ణయమంతా ఇక్కడే ఉంది.

ఏ నొప్పీ లేని మామూలు మనుషులకు స్కాన్ తీసినా, చాలామందిలో ఏదో ఒక రక్తనాళం ఈ నరానికి తగులుతూ కనిపిస్తుంది. ఒకవైపు నొప్పి ఉన్నవాళ్ళలో నొప్పి లేని రెండో వైపు కూడా కనిపిస్తుంది. కాబట్టి తగలడం ఒక్కటే సరిపోదు. నరం పక్కకు నెట్టుకుపోయిందా, నొక్కిన చోట సన్నబడిందా, గాడి పడిందా అన్నది చూడాలి. అలా ఆకారం మారినట్టు కనబడితేనే అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ దాన్ని క్లాసికల్ ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటుంది.

జబ్బును నిర్ధారించేది నొప్పి కథ. ఎప్పుడు మొదలైంది, ఎలా కొడుతుంది, ఎంతసేపు, ఏం చేస్తే వస్తుంది, ఈ నొప్పికి మొదట ఇచ్చే మందు కార్బమజెపిన్ వేసుకుంటే తగ్గిందా? ఈ జవాబులు సరిపోలినప్పుడు స్కాన్ దానికి బలం ఇస్తుంది. రోజంతా మంటగా, సలుపుగా, ముఖమంతా లాగుతున్నట్టుండే నొప్పికి, స్కానులో రక్తనాళం కనబడింది కదా అని ఆపరేషన్ చేస్తే నిరాశే ఎక్కువసార్లు మిగులుతుంది. షాకు లాంటి నొప్పితో పాటు వెనకాల సన్నటి నొప్పి కూడా ఎప్పుడూ ఉంటే, ఆపరేషన్ వల్ల లాభం ఉండొచ్చు, కానీ షాకు నొప్పి ఒక్కటే ఉన్నవాళ్ళకున్నంత కాదు.

ఇంకో మాట. మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐలో ఈ నరం సరిగా కనబడదు. ఈ నరం కోసమే సన్నటి ముక్కలుగా తీసే త్రీడీ సీక్వెన్సులు ఉంటాయి, రక్తనాళాలను చూపే యాంజియోగ్రఫీ సీక్వెన్సు ఉంటుంది. పాత రిపోర్టులో అంతా నార్మల్ అని ఉంటే, ఏ రకం స్కాన్ తీశారో ముందు కనుక్కోండి. స్కాను వల్ల మరో ముఖ్యమైన ఉపయోగం ఉంది. అక్కడ గడ్డ గానీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మైలిన్ పొరను దెబ్బతీసే జబ్బు) మచ్చ గానీ ఉంటే అది బయటపడుతుంది. అప్పుడు వైద్యం దారే మారుతుంది.

స్కానులో రక్తనాళం ఏదీ కనబడలేదన్నారు. నాకు ఆపరేషన్ పనికిరాదా?

కథ స్పష్టంగా ఉంటే పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదు. స్కానులో కనబడని సన్నటి నాళం ఆపరేషన్లో కనబడడం ఉంటుంది. ఏమీ దొరక్కపోతే ఏం చేస్తారో సర్జన్‌తో ముందే మాట్లాడుకోవాలి. కొందరు నరం పోగులను నెమ్మదిగా విడదీస్తారు, దానివల్ల ముఖంలో కొంత స్పర్శ తగ్గుతుంది. మీకు ఇష్టమో కాదో చెప్పాల్సింది మత్తు ఇవ్వకముందే.

మాత్రలతో సరిపోదా?

చాలామందికి మొదట్లో సరిపోతుంది. 1962 నుంచి వాడుకలో ఉన్న కార్బమజెపిన్, దాని చుట్టం ఆక్స్‌కార్బజెపిన్, ఈ రెండే మొదటి వరస మందులు. వేసుకున్న కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఎంత గట్టిగా తెలుస్తుందంటే, బొత్తిగా గుణం లేకపోతే అసలు జబ్బు ఇదేనా అని డాక్టర్లు మళ్ళీ ఆలోచిస్తారు. లామోట్రిజిన్, బాక్లోఫెన్, గాబాపెంటిన్ వంటివి తర్వాతి వరస. మామూలు నొప్పి బిళ్ళలు దీనికి పనిచేయవు.

చిక్కేమిటంటే కాలం గడిచేకొద్దీ మోతాదు పెంచాల్సి వస్తుంది. మోతాదు పెరిగితే మగత, తూలు, మతిమరుపు, మాట తడబాటు వస్తాయి. రక్తంలో సోడియం పడిపోవచ్చు, పెద్ద వయసువాళ్ళలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి, ఎప్పటికప్పుడు రక్తపరీక్ష కావాలి. కార్బమజెపిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే మాత్ర ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. కొన్ని ఆసియా జాతుల్లో ఎక్కువగా ఉండే ఒక జన్యువు వల్ల ఈ ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆ మూలాలున్నవాళ్ళకి మందుకు ముందే జన్యుపరీక్ష చేయమంటారు.

ఆపరేషన్ అంటే అన్నీ అయిపోయాక చివరి దారి కదా?

చాలామంది అలాగే అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఒకటి రెండు మందులు సరైన మోతాదులో వాడినా నొప్పి ఆగకపోతే, లేదా నొప్పి ఆగినా మందు మత్తులో మనిషి మనిషిలా లేకపోతే, అప్పుడే సర్జన్‌ను కలవాలి. కలవడమంటే ఒప్పేసుకోవడం కాదు. వివరాలు తెలుసుకుని, ఇంటికొచ్చి ఆలోచించుకోవచ్చు.

ఇలా చెప్పడానికి ఆధారం ఉంది. పిట్స్‌బర్గ్‌లో 1,185 మంది రోగుల ఫలితాలను 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. నొప్పి మొదలై ఎనిమిదేళ్ళు దాటాక ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో అది తిరగబెట్టడం ఎక్కువని అందులో తేలింది. అంతకుముందే రేడియోఫ్రీక్వెన్సీ సూదితో నరాన్ని కాల్పించుకున్నవాళ్ళకి ఎంవీడీతో షాకు నొప్పి తగ్గినా, మంట, సలుపు మిగలడం ఎక్కువగా కనిపించింది. ఎంవీడీ నరాన్ని పాడుచేయదు. మిగతా పద్ధతులన్నీ ఎంతో కొంత పాడుచేసే నొప్పిని ఆపుతాయి. ఆరోగ్యం తట్టుకునే మనిషిలో, కథా స్కానూ సరిపోలినప్పుడు, నరాన్ని పాడుచేయని పద్ధతిని ముందు ఆలోచించడమే న్యాయమని నా నమ్మకం. ఐరోపా న్యూరాలజీ అకాడమీ 2019 మార్గదర్శకాలు కూడా క్లాసికల్ రకానికి శస్త్రచికిత్సల్లో గామా నైఫ్ (కోత లేకుండా రేడియేషన్‌తో చేసే పద్ధతి) కన్నా ఎంవీడీనే ముందుంచాయి.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

పూర్తి మత్తులో. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కదలకుండా పిన్నులున్న బిగింపులో పెడతారు. నొప్పి ఉన్నవైపు చెవి వెనక కొద్దిగా జుట్టు తీసి, కొన్ని సెంటీమీటర్ల కోత పెట్టి, ఎముకలో సుమారు మూడు సెంటీమీటర్ల కిటికీ తెరుస్తారు. ఆ కిటికీ అంచున రెండు పెద్ద సిరలు మలుపు తిరిగి కలుస్తాయి, వాటికి గాయం కాకుండా చూసుకోవాలి. తర్వాత మెదడు మీది గట్టి పొరను తెరిచి, మెదడు చుట్టూ ఉండే నీటిని కొంచెం కొంచెంగా బయటికి వదులుతారు. నీరు పోయేకొద్దీ చిన్న మెదడు మెత్తబడి తనంతట తానే పక్కకు వాలుతుంది. దాన్ని లాగాల్సిన అవసరం ఎంత తగ్గితే అంత మంచిది. పక్కనే వినికిడి నరం ఉంటుంది, లాగుడు దాని మీద పడుతుంది. అందుకే ఆపరేషన్ సాగినంతసేపూ చెవిలో చిన్న శబ్దాలు వినిపిస్తూ, మెదడు స్పందనను తెర మీద చూస్తుంటారు. స్పందన ఆలస్యమైతే సర్జన్ చెయ్యి ఆపి, పట్టు సడలిస్తాడు.

ఇక మైక్రోస్కోపు కింద. సాలెగూడు లాంటి పలుచటి పొరను విడదీస్తే తెల్లటి నరం కనబడుతుంది. దాని భుజం మీద ఎర్రటి ధమని ఒంపు కొట్టుకుంటూ ఉంటుంది. ఆ ఒంపును సన్నటి పరికరంతో పైకి ఎత్తితే, కింద నరం మీద అది ఆనిన చోట గుంట పడి, ఆ మేర నరం తెల్లదనం తగ్గి కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది. ధమనిని కోయరు, కట్టరు. దాని నుంచి మెదడు కాండానికి వెళ్ళే వెంట్రుకలంత సన్నటి కొమ్మలు తెగకుండా, మెలిక పడకుండా పక్కకు జరుపుతారు. మళ్ళీ వచ్చి ఆనకుండా మధ్యలో, దూది పింజల్లా విప్పిన టెఫ్లాన్ ముక్కలు పెడతారు. కొందరు సర్జన్లు ధమని చుట్టూ ఒక పట్టీ వేసి దాన్ని పక్కకు లాగి నిలుపుతారు, అప్పుడు నరాన్ని ఏదీ తాకదు. అంతటితో ఆగకుండా నరం పొడవునా, చుట్టూ వెతుకుతారు. ఒకటి దొరికింది కదా అని వదిలేస్తే, వెనకాల దాగిన రెండోది మిగిలిపోవచ్చు.

ఎముకలోని గాలి గదులను మైనంతో మూసి, పొరను నీరు కారకుండా కుట్టి, ఎముక భాగాన్ని పూడ్చి, చర్మం కుడతారు. మొత్తం రెండు నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు.

ఆ టెఫ్లాన్ ముక్క జీవితాంతం లోపలే ఉంటుందా? ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

ఉంటుంది. కరగదు. లోహం కాదు కాబట్టి ఎంఆర్ఐకి అడ్డం లేదు. ఎముక కిటికీని మూయడానికి ప్లేటు వాడితే అది సాధారణంగా టైటానియం, దానితోనూ ఎంఆర్ఐ తీస్తారు. స్కానింగ్ గదిలో మాత్రం ఆపరేషన్ అయిన సంగతి చెప్పాలి.

తల తెరిచే ఆపరేషన్. ప్రాణానికి ప్రమాదం ఎంత?

భయం సహజం, దాన్ని కొట్టిపారేయకూడదు. పైన చెప్పిన 1,185 మందిలో ఇద్దరు ఆపరేషన్ తర్వాత చనిపోయారు, అంటే 0.2 శాతం. ఒకరికి మెదడు కాండంలో రక్తప్రసరణ ఆగింది. పదహారు మందికి ఆ వైపు చెవి వినికిడి పోయింది. అవి ఈ ఆపరేషన్ ఎక్కువగా చేసే బృందం చేతిలోని లెక్కలని గుర్తుంచుకోవాలి. తరచుగా చేసే ఆస్పత్రుల్లో ఇబ్బందులు తక్కువగా ఉంటాయి.

ప్రాణాపాయం కన్నా ఎక్కువగా ఎదురయ్యేవి వేరే ఉన్నాయి. మెదడు నీరు గాయం నుంచి గానీ ముక్కు నుంచి గానీ కారడం, మెదడు పొరల వాపు, కొంతకాలం తల తిరుగుడు, వస్తువులు రెండుగా కనబడడం, ముఖంలో ఒక చోట తిమ్మిరి. చాలావరకు వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటాయి. వినికిడి నష్టం మాత్రం నిలిచిపోవచ్చు. రెండో చెవికి ముందే వినికిడి లేనివాళ్ళు ఈ సంగతిని ప్రత్యేకంగా ఆలోచించాలి, సర్జన్‌కు మొదటి రోజే చెప్పాలి.

నొప్పి ఎప్పుడు పోతుంది? ఎంతమందికి పోతుంది?

ఎక్కువమందికి మత్తు దిగేసరికే పోతుంది. కొందరు నమ్మలేక, ఎప్పుడూ నొప్పి రేగే చోటును వేలితో మెల్లగా తాకి చూసుకుంటారు. మరికొందరికి రోజులో వారాలో పడుతుంది.

అదే అధ్యయనంలో పదేళ్ళ తర్వాత 70 శాతం మంది ఏ మందూ లేకుండా నొప్పి లేకుండా ఉన్నారు. వీరిలో రెండోసారి ఆపరేషన్ అవసరమైనవాళ్ళు కూడా ఉన్నారు. మరో 4 శాతం మందికి అప్పుడప్పుడు కాస్త నొప్పి వచ్చినా, మందులు పట్టుకుని ఉండాల్సిన అవసరం రాలేదు. మొత్తం మీద 30 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు నొప్పి తిరగబెట్టింది, అందులో ఎక్కువ మొదటి రెండేళ్ళలోనే. సిర నొక్కినవాళ్ళలోనూ, ఆపరేషన్ అయిన వెంటనే నొప్పి ఆగనివాళ్ళలోనూ తిరగబెట్టడం ఎక్కువ. పదేళ్ళు గడిచాక మాత్రం ఏడాదికి ఒక శాతం లోపే.

డెబ్భై దాటినవాళ్ళకు చేస్తారా?

వయసు అంకె ఒక్కటే అడ్డం కాదు. గుండె, ఊపిరితిత్తులు మత్తును తట్టుకుంటాయా, రక్తం పలచబడే మందులు ఆపగలమా అన్నవి చూస్తారు. పెద్దవాళ్ళలో మెదడు కొంచెం కుదించుకుని లోపల చోటు ఎక్కువగా ఉంటుంది, సర్జన్‌కు అది సౌకర్యమే.

గామా నైఫ్, సూదితో చేసే పద్ధతులు ఇంకా తేలిక కదా?

చేయించుకునేటప్పుడు తేలికే, ఆ మాట నిజం. గామా నైఫ్‌లో కోత లేదు. నరం వేరు మీద 70 నుంచి 90 గ్రే (రేడియేషన్ కొలమానం) రేడియేషన్‌ను ఒకే విడతలో కేంద్రీకరిస్తారు. ఫలితం రావడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. తిండి తినలేక, నీళ్ళు తాగలేక నీరసించిపోతున్న మనిషికి అంత ఎదురుచూపు కష్టం.

సూది పద్ధతుల్లో చెంప గుండా సూదిని పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోకి పంపి, నరం మూడు కొమ్మలూ కలిసే ముడిని వేడితో కాలుస్తారు, లేదా బెలూన్‌తో నొక్కుతారు, లేదా గ్లిసరాల్ ఎక్కిస్తారు. గ్లిసరాల్ సంగతి అనుకోకుండా బయటపడింది. స్వీడన్‌లో హోకన్‌సన్ బృందం రేడియేషన్ గురి కోసం లోహపు పొడిని గ్లిసరాల్‌లో కలిపి నరం దగ్గర పెడితే, రేడియేషన్ ఇవ్వకముందే నొప్పి తగ్గిపోయింది. దాన్నే చికిత్సగా 1981లో ప్రచురించారు. ఈ పద్ధతుల్లో నొప్పి వెంటనే తగ్గుతుంది, ఆస్పత్రిలో ఉండేది ఒక రోజు. కానీ ముఖం మొద్దుబారుతుంది, సగటున ఎంవీడీ కన్నా త్వరగా తిరగబెడుతుంది. కంటి కొమ్మ మొద్దుబారితే కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు, దెబ్బ తగిలినా తెలియదు. అరుదుగా, స్పర్శ పూర్తిగా పోయిన చోటే ఆగకుండా నొప్పి వస్తుంది. అనస్తీషియా డొలొరోసా అంటారు దాన్ని, దానికి వైద్యం చాలా కష్టం.

పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ళకు, రక్తనాళం నొక్కుడు లేనివాళ్ళకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళకు ఇవే మంచి దారులు. స్క్లెరోసిస్‌లో మైలిన్ పొరను తినేది ఆ జబ్బే కాబట్టి, ధమనిని జరిపినంత మాత్రాన వచ్చే లాభం తక్కువ.

ఆపరేషన్ తర్వాత కోలుకోవడం ఎలా ఉంటుంది?

మొదటి రాత్రి ఐసీయూలో ఉంచుతారు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మెడ పట్టేయడం మామూలు. మర్నాడు లేపి నడిపిస్తారు. సాఫీగా ఉంటే కొద్ది రోజుల్లో ఇంటికి పంపుతారు. కుట్లు వారం, పది రోజులకు తీస్తారు. ఉద్యోగానికి వెళ్ళడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనుకోండి. అప్పటిదాకా బరువులెత్తడం, మలబద్ధకంతో ముక్కడం, ముక్కు గట్టిగా చీదడం వద్దు.

వంగినప్పుడు ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం చుక్కలుగా పడినా, గొంతు వెనక ఉప్పగా జారుతున్నట్టున్నా జలుబని వదిలేయకండి. చెవి వెనక ఎముక గదుల గుండా మెదడు నీరు ముక్కులోకి దిగుతుండొచ్చు. జ్వరం, మెడ బిగుసుకోవడం, గాయం ఉబ్బడం, తడవడం, విపరీతమైన మగత, చెయ్యీ కాలూ స్వాధీనం తప్పడం: వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్ళాలి.

నొప్పి పోయింది కదా, మాత్రలు ఆపేయనా?

మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. ఏళ్ళుగా వాడిన కార్బమజెపిన్‌ను హఠాత్తుగా ఆపితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు వారాల మీద మెట్టు మెట్టుగా తగ్గిస్తారు.

తిరగబెడితే?

మళ్ళీ మందులతో మొదలుపెడతారు, చాలామందికి ఈసారి చిన్న మోతాదుకే లొంగుతుంది. లొంగకపోతే కొత్త ఎంఆర్ఐ తీస్తారు. వేరే రక్తనాళం వచ్చి ఆని ఉండొచ్చు, టెఫ్లాన్ పక్కకు జారి ఉండొచ్చు, లేదా దాని చుట్టూ కండ గట్టిపడి నరాన్ని ఒరుసుకుంటుండొచ్చు. రెండోసారి ఎంవీడీ చేయవచ్చు గానీ, పాత మచ్చల్లో పని కాబట్టి తిమ్మిరి, వినికిడి ఇబ్బందులు మొదటిసారి కన్నా ఎక్కువ. సూది పద్ధతీ గామా నైఫూ కూడా అప్పుడు అందుబాటులో ఉన్న దారులే.

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?

నమ్మాలి, ముందుగా అది. దెబ్బ కనబడదు, వాపు కనబడదు, నొప్పి లేని క్షణాల్లో మనిషి మామూలుగా ఉంటారు, అందుకని నటిస్తున్నారనే మాట ఇంట్లోనే వినాల్సి వస్తుంది. ఆ మాట నొప్పి కన్నా లోతుగా దిగుతుంది. తిండి తగ్గి బరువు పడిపోతుంటే మెత్తగా, జారుడుగా, గోరువెచ్చగా ఉండేవి ఇవ్వండి. బతకాలని లేదని అంటే తేలిగ్గా తీసుకోకండి. అదే రోజు డాక్టరుకు చెప్పండి, ఒంటరిగా వదలకండి.

ఇలా రక్తనాళం నొక్కే జబ్బులు ఇతర నరాలకూ వస్తాయా?

వస్తాయి. తొమ్మిదో నరాన్ని నొక్కితే గొంతు, నాలుక మొదలు, చెవి లోపల ఇదే షాకు నొప్పి మింగినప్పుడల్లా వస్తుంది. కొందరిలో ఆ నొప్పితో పాటు గుండె వేగం పడిపోయి స్పృహ తప్పుతుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఏడో నరాన్ని నొక్కితే నొప్పి ఉండదు గానీ, కనురెప్ప దగ్గర మొదలై ఒక పక్క ముఖమంతా అదురుతుంది. దానికి బోటాక్స్ ఇంజెక్షన్ కొన్ని నెలలు పనిచేస్తుంది. శాశ్వతంగా తగ్గించడానికి చేసేది చెవి వెనక నుంచి ఇదే ఎంవీడీ. కాకపోతే అదురు పూర్తిగా ఆగడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది.

సర్జన్‌ను ఏమేం అడగాలి?

ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మీ రోగుల్లో వినికిడి పోయినవాళ్ళు, నీరు కారినవాళ్ళు ఎంతమంది? నా స్కానులో నరం ఆకారం మారిందా, ఊరికే తగులుతోందా? నొక్కేది ధమనా, సిరా? లోపల ఏమీ దొరక్కపోతే నరాన్ని ముట్టుకుంటారా? ఆపరేషన్లో వినికిడి పర్యవేక్షణ ఉంటుందా? వీటికి విసుక్కోకుండా, అంకెలతో జవాబు చెప్పే సర్జన్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు నొప్పి డైరీ, అందులో ఏ మాత్ర ఎంత మోతాదులో ఎన్నాళ్ళు పనిచేసిందో రాసి, స్కాన్ సీడీతో సహా తీసుకెళ్ళండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సర్జన్ ఆ చిత్రాలను తన కళ్ళతో చూడాలి.